ఆరో వరుసలోంచి కాటిసీను: మన క్లబ్‌కి ఏ కెమెరా?

ఈ సెమిస్టర్ కల్చరల్ కమిటీ మన క్లబ్‌కి కెమెరా కొనుక్కోడానికి డబ్బు ఇస్తానంది. ఒక్క కెమెరా, ఒక్కసారి. మళ్ళీ అడిగే మొహం మనకి ఇంకో మూడేళ్ళ దాకా ఉండదు. అప్పట్నుంచి గ్రూపులో రోజుకో లింకు. "బ్రో, ఇది 24 మెగాపిక్సెల్స్." "దీంట్లో 4కే వీడియో ఉంది." "దీనికి రెండు లెన్సులు, బ్యాగు, మెమరీ కార్డు ఫ్రీ." ఇన్ని లింకుల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. మనం ఫోటోలు తీసేది ఎక్కడ?

పెళ్ళిళ్ళలో కాదు. ట్యాంక్‌బండ్ మీద సాయంత్రాలు కాదు. మనం తీసేవి నాటకాలు, కూచిపూడి, అప్పుడప్పుడు ఒక కర్ణాటక కచేరీ, ఫెస్ట్ రోజున బ్యాండ్. అంటే చీకటి హాలు, దూరంగా సీటు, ఫ్లాష్ వాడకూడదు, ఎదురుగా మనిషి కదులుతుంటాడు. కెమెరాకి ఇంతకంటే కష్టమైన పరీక్ష పెట్టడం కష్టం. పోయిన ఏడాది మనవాళ్ళు రెండు నెలలు రిహార్సల్ చేసి వేసిన నాటకానికి ఇప్పుడు మిగిలినవి కొన్ని ఫోన్ ఫోటోలు. అందులో హీరో మొహం వెలుగుతున్న బల్బులా ఉంది, కళ్ళూ ముక్కూ ఏమీ లేవు. ఆ అన్న పాసై బెంగళూరు వెళ్ళిపోయాడు. ఆ నాటకం అదే మనుషులతో మళ్ళీ పడదు. సినిమా అయితే రీల్ ఉంటుంది, పాట అయితే రికార్డింగ్ ఉంటుంది. స్టేజీ మీద జరిగింది తెరపడగానే అయిపోతుంది. అందుకే ఈ కెమెరా విషయం నాకు చిన్నదిగా అనిపించట్లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, నచ్చనివాళ్ళు ఇక్కడే తిట్టుకోవచ్చు. కొత్త కెమెరా వద్దు. నాలుగైదేళ్ళు వాడిన మంచి డీఎస్ఎల్ఆర్ బాడీ కొని, మిగిలిన డబ్బంతా ఒక్క లెన్స్ మీద పెడదాం. ఆ లెన్స్ ఏదో షాపువాడు చెప్పక్కర్లేదు, మనం కూర్చునే సీటు చెప్తుంది.

ఇప్పుడు ఎందుకో చెప్తాను.

ఫోటో అంటే సెన్సర్ మీద పడిన వెలుతురు. ఎంత పడాలన్నది రెండింటి చేతిలో ఉంటుంది. ఒకటి అపర్చర్, అంటే లెన్స్ లోపల తెరుచుకునే కన్నం. రెండోది షట్టర్ స్పీడ్, ఆ కన్నంలోంచి వెలుతురుని ఎంతసేపు రానిస్తున్నాం అన్నది. మూడోది ఐఎస్ఓ అని అందరూ కలిపి చెప్తారు కానీ, అది వెలుతురుని పెంచదు. వచ్చిన సిగ్నల్‌ని పెద్దది చేస్తుంది అంతే. మైకులో గొంతు సరిగా వినపడకపోతే ఆంప్లిఫయర్ వాల్యూమ్ పెంచినట్టు. గొంతుతోపాటు గురగుర కూడా పెరుగుతుంది.

అపర్చర్ అంకె తిరకాసుగా ఉంటుంది. ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే కన్నం పెద్దది. కెమెరాతోపాటు ఇచ్చే 18–55 కిట్ లెన్స్‌ని చివరిదాకా జూమ్ చేస్తే కన్నం ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. చిన్న 50 ఎంఎం లెన్స్ ఒకటి ఉంటుంది, జూమ్ ఉండదు, చూడ్డానికి పెరుగు డబ్బా అంత ఉంటుంది, కానీ ఎఫ్ 1.8. ఈ రెండు అంకెల నిష్పత్తిని వర్గం చేయండి. 5.6ని 1.8తో భాగిస్తే 3.1, దాని వర్గం దాదాపు 9.7. అంటే ఆ చిన్న డబ్బా కిట్ లెన్స్ కంటే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. రెండు రెట్లు కాదు, పది రెట్లు. కెమెరా బాడీ ఎంత కొత్తది కొన్నా ఈ తేడాని అది పూడ్చలేదు.

స్టేజీ మీదికి తీసుకెళ్ళి చూద్దాం. ఒక మాదిరిగా వెలిగే స్టేజీకి ఎఫ్ 2.8, సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ 1600 అనుకోండి. ఇది చాలా హాళ్ళలో దగ్గరగా సరిపోయే లెక్క. ఎఫ్ 1.8 లెన్స్ ఉంటే ఐఎస్ఓ 640కి దిగొచ్చు. కిట్ లెన్స్‌తో అయితే 6400కి ఎక్కాలి. ఇప్పుడు దర్శకుడు లైట్లు తగ్గించాడు, వెలుతురు నాలుగో వంతు అయింది. ఎఫ్ 1.8 వాడు 2500 దగ్గర హాయిగా ఉంటాడు. కిట్ లెన్స్ వాడు 25600కి వెళ్ళాలి. మన గ్రూపులో అందరూ పంపుతున్న కెనాన్ 1500డి మామూలుగా 6400 దగ్గరే ఆగుతుంది, సెట్టింగుల్లోకి వెళ్ళి తెరిస్తే 12800. అంటే అక్కడ దానితో ఫోటో లేదు. షట్టర్ నెమ్మది చేస్తే ఉంటుంది, కానీ ఆ ఫోటోలో నటుడి బదులు నటుడి ఆత్మ ఉంటుంది.

ప్రాబబిలిటీ క్లాసులో నిద్రపోని వాళ్ళకి ఇంకో మాట. వెలుతురు ఫోటాన్లుగా వస్తుంది, వాటి రాక పాయిసాన్ పంపిణీ. ఒక పిక్సెల్ మీద సగటున 100 ఫోటాన్లు పడితే అటూఇటూ ఊగేది 10. 1000 పడితే ఊగేది 32 దాకా. మొదటిదాంట్లో పదో వంతు గరుకు, రెండోదాంట్లో ముప్పయ్యో వంతు. చీకట్లో తీసిన ఫోటో గరుగ్గా ఉండడం కెమెరా తప్పు కాదు, వచ్చిన ఫోటాన్లే తక్కువ. సాఫ్ట్‌వేర్‌తో నున్నగా చేయొచ్చు, అప్పుడు మొహం మీద మేకప్ గీతలతోపాటు భావం కూడా నున్నగా అయిపోతుంది.

"అయితే నా ఫోన్‌లో నైట్ మోడ్ ఉంది కదా?" ఉంది. అది ఒకదాని తర్వాత ఒకటిగా చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. చార్మినార్ కదలదు కాబట్టి బ్రహ్మాండంగా వస్తుంది. భీముడు గద తిప్పుతుంటే మూడు గదలు వస్తాయి.

ఈ వెలుతురు కష్టం ఎంత పాతదో చూడాలంటే మన సికింద్రాబాద్‌లోనే ఒక మనిషిని తలుచుకోవాలి. రాజా దీన్‌దయాళ్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్. 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆయన చదివింది ఫోటోగ్రఫీ కాదు, రూర్కీలోని థామసన్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్. ఇండోర్‌లో ప్రజా పనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తూ కెమెరా పట్టుకున్నాడు. కోర్ బ్రాంచ్ వదిలేసి హాబీలోకి వెళ్ళిన మన సీనియర్ అన్నమాట, ప్లేస్‌మెంట్ సెల్ వాళ్ళు ఈయన పేరు ఎందుకో చెప్పరు. ఆయన ఫోటోల్లో రాజులు, దొరలు, కోటలు, వేట విడిదులు అన్నీ ఉంటాయి. మనుషులు మాత్రం దాదాపు ఎప్పుడూ కుదురుగా ఉంటారు. రాజసం కోసమే కాదు, గాజు పలకల మీద పూసిన మందుకి వెలుతురుని పట్టుకునే శక్తి తక్కువ, కదిలితే చెదిరిపోతుంది.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి ఆధ్వర్యంలో 'కీచకవధ' ఆడారు. సురభి నాటక సమాజం అలా పుట్టింది. తర్వాత అది కుటుంబాలు కుటుంబాలుగా పెరిగి ఊరూరా తిరిగింది. నారదుడు మేఘాల్లోంచి తాడు మీద దిగడం, బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలడం, స్టేజీ మీద వాన కురవడం, ఇవన్నీ కళ్ళముందు జరుగుతాయి. ఒకే ఇంట్లో తాత, కోడలు, మనవడు నటులు. అదే కాలంలో మన ఊళ్ళో దేశంలోకెల్లా పేరున్న ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. అయినా, దీపాల వెలుతుర్లో ఆడుతున్న నాటకాన్ని ఆడుతుండగా పట్టుకోవడం ఆ గాజు పలకలకి అయ్యే పని కాదు. వేషం వేసుకుని స్టూడియోలో నిలబడితే ఫోటో ఉంటుంది. నాటకం ఉండదు. ఇప్పుడు మనం వాడిన కెమెరా ఒకటి కొనుక్కుంటే చాలు, ఆయనకి కుదరనిది మనకి కుదురుతుంది. అందుకే దాన్ని తప్పు లెన్స్‌తో కొనడం నాకు మనసొప్పట్లేదు.

ఇక ఏ లెన్స్? ఇక్కడే సీటు లెక్క వస్తుంది.

మనం కొనబోయే తరహా కెమెరాల్లో సెన్సర్ పొడుగు వైపు దాదాపు 23 మిల్లీమీటర్లు. దీన్ని ఏపీఎస్-సీ సైజు అంటారు. కెమెరాని నిలువుగా పట్టుకుని, తలపాగాతో సహా నిలబడ్డ మనిషిని, అంటే సుమారు రెండు మీటర్ల ఎత్తుని ఫ్రేము నిండా పట్టాలంటే ఎంత లెన్స్ కావాలి? సరూప త్రిభుజాలు, పదో తరగతి లెక్క. సులువు సూత్రం ఏంటంటే, నటుడికీ మనకీ మధ్య దూరాన్ని మీటర్లలో తీసుకుని 12 పెట్టి గుణించండి. నాలుగు మీటర్లకి 50 ఎంఎం. ఏడు మీటర్లకి 85. పదకొండు మీటర్లకి 135. పదిహేడు దాటితే 200 పైన.

ఇప్పుడు హాలు గుర్తు తెచ్చుకోండి. సికింద్రాబాద్ హరిహర కళాభవన్ కావచ్చు, టాగోర్ శతజయంతికి గుర్తుగా కట్టిన రవీంద్రభారతి కావచ్చు, మన కాలేజీ ఆడిటోరియం కావచ్చు. మొదటి వరుసలు ముఖ్య అతిథులకీ, స్పాన్సర్లకీ, వాళ్ళ బంధువులకీ. స్టేజీ అంచు దగ్గర నేల మీద కూర్చోనిస్తే అదృష్టం, కానీ అక్కడ నుంచి చూస్తే నటుల ముక్కుపుటాలు, పాదాలు, మైకు స్టాండ్లు కనిపిస్తాయి. మనకి నిజంగా దొరికేది నాలుగో వరుస నుంచి ఏడో వరుస దాకా, పక్క దారి అంచు సీటు. వరుసకి మీటరు లెక్కన, స్టేజీకీ మొదటి వరుసకీ మధ్య ఖాళీ కలిపితే ఎనిమిది నుంచి పదకొండు మీటర్లు. 12 పెట్టి గుణిస్తే 96 నుంచి 132.

అంటే 50 ఎంఎం అందరికీ ఇష్టమైన చవక లెన్సే అయినా మన సీటుకి చిన్నది. 85 ఎంఎం, ఎఫ్ 1.8. ఇది నా ఓటు. ఎనిమిదో మీటరు నుంచి నిలబడ్డ మనిషి, చుట్టూ కాస్త స్టేజీ గాలితో సహా వస్తాడు. ఇంకా దగ్గర కావాలంటే తర్వాత కత్తిరించుకోవచ్చు, 24 మెగాపిక్సెల్స్ పనికొచ్చేది అప్పుడు. 70–200 ఎఫ్ 2.8 జూమ్ ఉంటే ఇంకేం కావాలి అని మీరనొచ్చు. నిజమే. దాని ధర మన బడ్జెట్‌ని మింగేస్తుంది, బరువు కిలోన్నర దాకా ఉంటుంది, ఎత్తగానే వెనక వరుస ఆంటీకి స్టేజీ కనపడదు. 85 అరకిలో లోపే.

నా మాట నమ్మక్కర్లేదు, కొనేముందు ఒక పరీక్ష చేద్దాం. ఎవరి దగ్గరైనా 55–250 లాంటి జూమ్ లెన్స్ అడిగి తెచ్చి ఒక రిహార్సల్ మొత్తం మనం కూర్చోబోయే చోటు నుంచి తీయండి. ప్రతి ఫోటో ఫైలులో ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర తీశారో రాసి ఉంటుంది. పైథాన్‌లో ఇరవై లైన్లు రాస్తే ఫోల్డర్ మొత్తానికి హిస్టోగ్రామ్ వస్తుంది. నేను ఒక సీనియర్ దగ్గర కెమెరా అప్పు తీసుకుని మూడు ప్రోగ్రాములకి ఇది చేశాను. గుట్ట 80కీ 135కీ మధ్య లేచింది. మీది వేరే చోట లేస్తే మీ లెన్స్ వేరే.

ఒక జాగ్రత్త. ఎఫ్ 1.8 దగ్గర ఫోకస్ పడే లోతు తక్కువ. ఎనిమిది మీటర్ల దూరంలో 85తో దాదాపు అరవై సెంటీమీటర్లు. ఒక మనిషికి చాలు. హరిశ్చంద్రుడి మీద ఫోకస్ పెడితే మీటరు వెనక ఉన్న చంద్రమతి మెత్తబడుతుంది. ఇద్దరూ కావాలంటే ఎఫ్ 2.8కి రండి, లేదా ఇద్దరూ ఒకే గీత మీదికి వచ్చేదాకా ఆగండి. ఆగడమే మేలు.

ఆగడం అన్నాను కదా, అసలు మజా ఇక్కడుంది. ఎంత షట్టర్ స్పీడ్ కావాలన్నది కళని బట్టి మారుతుంది, ఈ విషయం ఇంగ్లీష్ వీడియోల్లో మీకు దొరకదు, ఎందుకంటే వాళ్ళు పద్యనాటకం చూడలేదు. పద్యనాటకం ఫోటోలు తీసేవాడికి వరం. పద్యం చివరికొచ్చేసరికి నటుడు చెయ్యి ముందుకు చాచి, గడ్డం ఎత్తి, రాగం అందుకుంటాడు. ఆ ఆలాపన సాగినంతసేపు శరీరం దాదాపు శిల్పమే. సెకనులో 60వ వంతు, 80వ వంతు చాలు. ఆ ఫోటో ఒకవేళ తప్పిపోయిందా? జనం "వన్స్‌మోర్" అంటారు, ఆయన అదే పద్యం మళ్ళీ అదే భంగిమలో పాడతాడు. ప్రపంచంలో ఏ రంగస్థలం మీదైనా ఫోటోగ్రాఫర్‌కి రీటేక్ ఇచ్చే సంప్రదాయం ఇంకోటి ఉంటే చెప్పండి.

కూచిపూడి అలా కాదు. జతి నడుస్తుంటే 250వ వంతు కూడా చేతి వేళ్ళకి చాలకపోవచ్చు, 500 కావాలి. కానీ జతి ఎక్కడో ఒకచోట ముక్తాయింపుకొస్తుంది, సమం మీద పాదం పడగానే ఒక క్షణం నిలుపు. ఆదితాళం ఎనిమిది అక్షరాలు వేళ్ళ మీద లెక్కపెట్టడం వస్తే ఆ నిలుపు ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది. ఆ క్షణంలో 125 చాలు, అంటే రెండు స్టాపులు, అంటే నాలుగు రెట్ల వెలుతురు మిగిలినట్టు. ఆ నాలుగు రెట్లని డబ్బు పెట్టి కొనాలంటే ఎంతవుతుందో పైన చూశారు. తాళం ఫ్రీ. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడినప్పుడు మాత్రం పాదాలు కదులుతూనే ఉంటాయి, అక్కడ వేగం తగ్గించకండి.

కర్ణాటక కచేరీలో అందరూ కూర్చునే ఉంటారు, 100వ వంతు ధారాళం. మృదంగం మీద వేళ్ళు కాస్త చెదిరితే చెదరనీండి, వాయిస్తున్నట్టు ఉంటుంది. అక్కడ సమస్య మైకు. ఎదురుగా కూర్చుంటే గాయని నోటి స్థానంలో నల్ల గుండు వస్తుంది. పక్కకి నలభై అయిదు డిగ్రీలు జరగాలి. ఇక సన్మానాలకి, శాలువాలకి ఏ లెన్సయినా సరిపోతుంది. లైట్లన్నీ వెలుగుతాయి, అందరూ మనవైపే చూస్తూ కదలకుండా నిలబడతారు.

రంగు లైట్ల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కాటిసీను దగ్గర అందరి కెమెరాలూ చేతులెత్తేసేది దానివల్లే. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి 'సత్య హరిశ్చంద్ర'లో శ్మశానం అనగానే లైటింగ్ వాళ్ళు సాధారణంగా స్టేజీని నీలం చేసేస్తారు, ఒక మూల చితిమంట ఎరుపు. సెన్సర్ మీద ప్రతి నాలుగు పిక్సెళ్ళలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. స్టేజీ మొత్తం గాఢమైన నీలంలో ఉంటే నాలుగింట మూడు పిక్సెళ్ళు దాదాపు ఖాళీగా కూర్చుంటాయి. మనం కొన్న 24 మెగాపిక్సెల్స్‌లో ఆరే పనిచేస్తున్నట్టు. పైగా ఆ ఒక్క రంగు నిండి పొర్లిపోతే మొహం నీలం ముద్ద అవుతుంది, స్క్రీన్ మీద మామూలు హిస్టోగ్రామ్ మాత్రం అంతా బాగుందనే చెప్తుంది. రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూపించే కెమెరా కావాలి. ఫోటోలు జేపెగ్‌లో కాదు, రా ఫార్మాట్‌లో తీయాలి, తర్వాత కొంతైనా వెనక్కి లాక్కోవచ్చు. మొహం బల్బులా కాకుండా ఉండాలంటే స్పాట్ మీటరింగ్, అంటే ఫ్రేము మొత్తం కాకుండా మొహం మీద చిన్న చుక్కలో వెలుతురు కొలవడం కావాలి. చీకటి నేపథ్యాన్ని చూసి కెమెరా కంగారుపడి మొత్తం వెలిగించేస్తుంది, పోయిన ఏడాది హీరోకి జరిగింది అదే. కెనాన్ 1500డిలో స్పాట్ మీటరింగ్ లేదు. నికాన్ డి3500లో ఉంది.

ఫెస్ట్‌లో వాడే ఎల్ఈడీ లైట్లది ఇంకో తలనొప్పి. పాత ఫిలమెంట్ పార్ లైట్లు వేడెక్కి స్థిరంగా వెలుగుతాయి. చాలా ఎల్ఈడీలు వెలిగి ఆరుతూ ఉంటాయి, కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ కరెంటుతోపాటు మిణికే లైట్లు సెకనుకి వంద సార్లు మిణుకుతాయి. 100వ వంతు లేదా 50వ వంతు దగ్గర తీస్తే ఒక పూర్తి మిణుకు లోపలికి వస్తుంది కాబట్టి ఫోటోలు సమంగా ఉంటాయి. అంతకంటే వేగంగా తీస్తే ఒకటి వెలుగు, ఒకటి చీకటి, కొన్నిటికి అడ్డ చారలు. కెనాన్ 80డి, నికాన్ డి7500 లాంటివి ఆ మిణుకుని కనిపెట్టి వెలుగు శిఖరం మీద ఉన్నప్పుడు షట్టర్ నొక్కుతాయి.

ఇక బాడీల సంగతి. మధ్యస్థాయి ఏపీఎస్-సీ బాడీ వాడినది తీసుకుందాం. నికాన్ డి7200 (2015), డి7500 (2017), కెనాన్ 80డి (2016), వీటిలో ఏదైనా. చవక మోడళ్ళు ఎందుకు వద్దు అంటే మూడు కారణాలు. డి7200, 80డి లాంటివి వెన్నెల వెలుతురు స్థాయిలో, అంటే మైనస్ 3 ఈవీ దగ్గర కూడా ఫోకస్ పడతాయని కంపెనీలే రాశాయి. రెండోది, ఎఫ్ 1.8 లెన్స్ ఫోకస్ రెండు అంగుళాలు వెనక్కి పడుతుంటే సరిచేసుకునే సెట్టింగ్ వీటిలో ఉంటుంది, 1500డి, డి5600 తరహాలో ఉండదు. మూడోది నికాన్‌కి మాత్రమే వర్తిస్తుంది. డి3000, డి5000 వరసల బాడీల్లో ఫోకస్ మోటార్ లేదు, పాత డి రకం లెన్సులు పెడితే చేత్తో తిప్పుకోవాలి. డి7000 వరసలో మోటార్ ఉంది, సెకండ్‌హ్యాండ్‌లో దొరికే పాత 85 ఎఫ్ 1.8 డి కూడా దానంతటదే ఫోకస్ అవుతుంది. కెనాన్‌తో ఈ బాధ లేదు, ఈఎఫ్ లెన్సులన్నిటిలో మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది.

ఫుల్‌ఫ్రేమ్ కావాలని గ్రూపులో ఇద్దరు పట్టుబడుతున్నారు. కెనాన్ 6డి (2012) సెకండ్‌హ్యాండ్‌లో ఆశపెట్టే బాడీయే, చీకట్లో ఏపీఎస్-సీ కంటే ఒక స్టాపు పైనే మెరుగు. కానీ సెన్సర్ 36 మిల్లీమీటర్లు కాబట్టి మన 12 కాస్తా 18 అవుతుంది. ఎనిమిది మీటర్లకి 144. అంటే 135 ఎఫ్ 2 లెన్స్. దాని ధర చూసి మళ్ళీ మాట్లాడండి.

మిర్రర్‌లెస్ ఎందుకు కాదు? డబ్బుంటే అదే. కెనాన్, నికాన్ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ ఒక్కటీ తేలేదు, ఫోటోగ్రాఫర్లు అటు మారిపోతున్నారు. వాళ్ళు మారుతున్నారు కాబట్టే వాళ్ళ పాత బాడీలూ, పాత లెన్సులూ మన అందుబాటుకి వస్తున్నాయి. మిర్రర్‌లెస్‌లో నిజంగా అసూయపడాల్సింది ఒకటే, శబ్దం లేకుండా తీయగలగడం. డీఎస్ఎల్ఆర్‌లో ప్రతి ఫోటోకీ లోపలి అద్దం లేచి పడుతుంది. నాటకంలో మౌనం వచ్చినప్పుడు ఆ టక్ శబ్దం నాలుగు వరుసలకి వినిపిస్తుంది. పైన చెప్పిన బాడీల్లో నిశ్శబ్ద మోడ్ ఉంది, శబ్దం పోదు, మెత్తబడుతుంది. మిగతాది మనమే చూసుకోవాలి. డైలాగ్ మీద నొక్కండి, మౌనం మీద కాదు. చప్పట్లు ఎలాగూ వస్తాయి.

ఫ్లాష్ గురించి ఒక్క పేరా రాయక తప్పదు. కెమెరా మీద లేచే చిన్న ఫ్లాష్ ఎఫ్ 5.6, ఐఎస్ఓ 100 దగ్గర రెండు మీటర్లు పోతుంది. ఐఎస్ఓ 1600 పెట్టినా ఎనిమిది మీటర్ల దగ్గర ఆవిరి. అది వెలిగించేది ముందు వరుస బట్టతలని. ఒకవేళ చేరినా దర్శకుడు గంటలు కూర్చుని వేసుకున్న నీడలన్నీ చదునైపోతాయి. సురభి వాళ్ళ నాటకంలో అయితే తాడు మీద వేలాడుతున్న మనిషి కళ్ళలో వెలుగు కొట్టడం ప్రమాదం కూడా. ఫ్లాష్ ఆపినా ఫోకస్ సాయం కోసం ముందు వెలిగే చిన్న లైటు ఆగదు, దాన్ని మెనూలోకి వెళ్ళి విడిగా ఆపాలి. తీసిన ప్రతి ఫోటో వెనక స్క్రీన్ మీద వెలగడం కూడా ఆపేయండి. చీకటి హాల్లో అది టార్చిలైటే.

కొనేది కోఠి గుజరాతీ గల్లీలో అయినా, ఆన్‌లైన్‌లో చూసి నేరుగా ఒకరి ఇంటికి వెళ్ళి అయినా, చూడాల్సినవి ఇవి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చూడండి. నికాన్‌లో ఆ సంఖ్య ఫోటో ఫైల్లోనే రాసి ఉంటుంది, పైన రాసిన స్క్రిప్టుకి ఇంకో లైను చేరిస్తే చాలు. డి7200 షట్టర్‌కి కంపెనీ చెప్పిన ఆయుష్షు లక్షా యాభై వేలు. లెన్స్‌ని ఫోన్ టార్చి మీద పెట్టి లోపలికి చూడండి. సాలెగూడులా సన్నని దారాలు కనిపిస్తే ఫంగస్, ఎంత చవకైనా వదిలేయండి. సముద్రం పక్క ఊళ్ళ నుంచి, ఏళ్ళ తరబడి బీరువాలో ఉన్నవాటిలో ఇది ఎక్కువ. దుమ్ము రెండు మూడు రేణువులకి భయపడక్కర్లేదు. చివరగా ఎఫ్ 1.8 పెట్టి, టేబుల్ మీద ఏటవాలుగా పరిచిన వార్తాపత్రికలో ఒక హెడ్డింగు మీద ఫోకస్ పెట్టి తీయండి. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే ఏ లైను స్పష్టంగా ఉందో తెలుస్తుంది. అమ్మేవాళ్ళు ఈ పరీక్షకి విసుక్కుంటే మర్యాదగా లేచి వచ్చేయండి, అదే మోడల్ ఇంకో పది మంది అమ్ముతున్నారు.

డబ్బు మిగిలితే రెండో బ్యాటరీ. ఇంకా మిగిలితే ఒంటి కాలి మోనోపాడ్, మూడు గంటల నాటకానికి మోచేతులు దణ్ణం పెడతాయి. 50 ఎంఎం ఆఖర్న, గ్రీన్‌రూమ్ కోసం. మేకప్ వేసుకుంటున్న మొహం అద్దంలో, బల్బు వెలుతుర్లో, రెండు మీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి అక్కడ 85తో వెనక్కి జరగడానికి గోడ అడ్డొస్తుంది.